చెప్పులేసుకున్న మహాదేవమ్మ

ఏదో కాలుతున్న వాసన వచ్చింది. మహాదేవమ్మ అప్పుడు పొయ్యి ముందు నిలబడి అన్నం వారుస్తోంది. గంజి ఒలకకుండా చూపు గిన్నె మీదే ఉంచి, పిల్లి గానీ నిప్పుల్లో తోక పెట్టిందేమోనని నోటితోనే అదిలించింది. పిల్లి లేదు. వాసన మాత్రం పెరిగింది. తోలు కమిలిన వాసన. కిందికి చూస్తే, పొయ్యిలోంచి జారిన తుమ్మనిప్పు ఒకటి ఆమె ఎడమకాలి కిందే ఉంది. బొటనవేలి అడుగున తోలు నల్లబడి సన్నగా పొగ లేస్తోంది.

కాలు పక్కకు తీసి, గిన్నె దించి, పీట మీద కూర్చుని పాదం ఒళ్ళోకి తీసుకుంది. కాలినచోట గోటితో నొక్కింది. ఇంకాస్త గట్టిగా నొక్కింది. ఎవరి కాలో పట్టుకున్నట్టుంది. కాలినందుకు ఆమెకు భయం వెయ్యలేదు. కాలుతున్నా తెలియనందుకు వేసింది.

అది 1954 ఎండాకాలం. మహాదేవమ్మకు అప్పుడు నలభైనాలుగేళ్ళు.

ఆమె పుట్టింది వేంపల్లె పక్కన ఒక మెట్ట ఊళ్ళో. ఆ ఊళ్ళో కొర్రలు, జొన్నలే తిండి. వరి అన్నం పండగనాడు కనిపిస్తే కనిపించినట్టు. పదహారేళ్ళకు గుండ్లపల్లెకు కోడలుగా వచ్చింది. గుండ్లపల్లె మైదుకూరు దాటాక, కర్నూలు నుంచి కడప దాకా వచ్చే కాలువ కింద ఊరు. మూడుపూటలా వరి అన్నం తినే ఇంటికి బిడ్డనిచ్చానని ఆమె తండ్రి కనబడిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. ఆయన వీపు మీద రాచపుండు లేచి, నెలరోజులు బోర్లా పడుకుని ప్రాణం విడిచాడు. ఏ జన్మలోనో చేసిన పాపమన్నారు ఊళ్ళో.

అత్తవారింట్లో మహాదేవమ్మ ఒళ్ళు చేసింది. నడుము లావై, మెడ చుట్టూ నల్లని చారలు కట్టాయి. ఇంటికి కళ వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. మొదటి కాన్పులో కూతురు నాగలక్ష్మమ్మ పుట్టింది. తరవాత రెండుసార్లూ మగబిడ్డలే. ఇద్దరూ దొడ్డ బిడ్డలు, ఆరునెలల పిల్లల్లా ఉన్నారని మంత్రసాని చెప్పింది. ఇద్దరూ చచ్చి పుట్టారు. రెండోవాణ్ణి పూడ్చివచ్చిన రోజు నుంచీ, ఆమె కడుపులోనే బిడ్డల్ని తినే మనిషని ఒక మాట ఊళ్ళో పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. సీమంతానికి, బారసాలకు ఆమెను పిలవడం మానేశారు. ఇరవై ఏళ్ళు ఆమె ఆ మాట కింద బతికింది.

కాలిన పుండుకు పసుపు పెట్టారు, ఆకుపసరు పోశారు, వేపాకు నూరి కట్టారు. నెల దాటినా మానలేదు. బొటనవేలు ఉబ్బి నీలం తిరిగింది. ఇరవైయైదు మైళ్ళ దూరంలో మిషన్ ఆసుపత్రి ఉందని, అక్కడికి తీసుకుపొమ్మని ఆమె మొగుడు నరసన్నను అడిగింది. నరసన్న మెత్తని మనిషి. ఏ పనికైనా అన్న నోరు మెదపాలి. అన్న పెద్ద ఈరన్న ఊరికి పెద్ద. ఏ మడిలో ఏ విత్తనం పడాలో, ఏ పిల్లను ఏ ఊరికివ్వాలో ఆయన చెప్పాలి. అన్నదమ్ములిద్దరి ఇళ్ళకూ మధ్య ఒకే వాకిలి. మన ఇంటి ఆడదాన్ని ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టేదేమిటని, పుండు దానంతటదే మానుతుందని ఆయన చెప్పి పంపించాడు.

ఆ మాట నరసన్న మోసుకొచ్చి చెప్తే మహాదేవమ్మ విన్నది. చీర మార్చుకుని, ఒక గుడ్డసంచిలో రెండు రొట్టెలు కట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"నువ్వొస్తావా, నేనొక్కదాన్నే బస్సెక్కల్నా?" అని అడిగింది.

నరసన్న అన్న ఇంటివైపు ఒకసారి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని వెంట నడిచాడు.

ఆసుపత్రిలో ఆమెను మొదట చూసింది ఏసుమణి అనే నర్సు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆమె అమ్మానాన్నలు ఇలాంటి కాలువ ఊళ్ళోనే కూలిచేసి బతికినవాళ్ళు. పుండు చూడకముందే ఏసుమణి ఒక గాజుగిన్నె ఇచ్చి మూత్రం పట్టుకు రమ్మంది. సన్నని గాజుగొట్టంలో నీలంగా ఉన్న మందు కొంచెం పోసి, అందులో ఎనిమిది చుక్కలు ఈ మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద కాచింది. మహాదేవమ్మ బల్ల పక్కనే నిలబడి చూస్తోంది. నీలం పచ్చబడింది. పచ్చ పసుపైంది. చూస్తుండగానే పసుపు కూడా పోయి, గొట్టం అడుగున ఇటుకపొడి పోసినట్టు ఎర్రగా పేరుకుంది.

అది చక్కెర అని ఏసుమణి చెప్పింది. ఒంట్లో నిలవాల్సింది ఇలా పోతోందని, ఇది ఇవాళ నిన్నటి జబ్బు కాదని, పదిహేను ఇరవయ్యేళ్ళుగా ఉండి ఉంటుందని చెప్పింది. దప్పిక, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవడం, కాళ్ళ తిమ్మిరి, అన్నీ దానివే. కాలి నరాలను తిని మొద్దు చేసేదీ అదే, పుండును మాననివ్వనిదీ అదే. ఇలాగే వదిలేస్తే రేపు కళ్ళకూ, మూత్రపిండాలకూ, గుండెకూ వస్తుంది.

మద్రాసులో చదివి వచ్చిన కుర్ర డాక్టరు ఇంకొక సంగతి చెప్పాడు. బక్కగా ఉండేవాళ్ళకు ఈ జబ్బు వస్తే ఒంట్లో ఇన్సులిన్ అనే రసమే ఊరదట. ఒళ్ళు చేసినవాళ్ళకు అది ఊరుతుంది గానీ, ఒళ్ళు దాని మాట వినదట.

"నా ఒళ్ళు గూడా నా మాదిరేలే నాయనా," అంది మహాదేవమ్మ. డాక్టరు నవ్వాడు. నరసన్న నవ్వలేదు.

కాన్పుల గురించి ఏసుమణి అడిగినప్పుడు మహాదేవమ్మ తల తిప్పుకుని ముక్తసరిగా చెప్పింది. ఎంత బరువున్నారని ఏసుమణి మళ్ళీ అడిగింది. దొడ్డ బిడ్డలని చెప్పగానే ఆమె రాస్తున్న కలం ఆపి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అమ్మా, ఈ జబ్బున్న తల్లుల బిడ్డలు అట్లే దొడ్డగా పెరుగుతారు. శానామంది కడుపులోనే పోతారు. అది జబ్బు చేసిన పని. నువ్వు చేసింది కాదు."

మహాదేవమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. తరవాత నరసన్నను పిలిచి ఆయన ముందు మూడోసారి చెప్పించింది. ఆమె ఏడవలేదు. ఆ సాయంత్రం మంచం మీద కూర్చుని, ఎదుటి గోడను చూస్తూ, బిడ్డల్ని తినే మనిషని తనను అన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. పది వేళ్ళూ చాలలేదు. మర్నాడు పొద్దున్నే, రాజంపేటలో ఉన్న కూతురికి డాక్టరు చేత కార్డు రాయించింది. నాగలక్ష్మమ్మకు అప్పుడు నాలుగో నెల. అక్కడ ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి పోయి మూత్రం చూపించుకోమని, అత్త వద్దంటే అమ్మ చచ్చిపోతోందని అబద్ధమాడి ఇక్కడికే బయలుదేరమని ఆ కార్డులో ఉంది. కూతురికి జబ్బు లేదని ఇరవై రోజులకు జవాబొచ్చింది. అప్పుడు మాత్రం మహాదేవమ్మ దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చింది.

బొటనవేలు, దాని పక్కవేలు తీసేశారు. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వేశారు. నలభైరోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ నలభైరోజుల్లో ఏసుమణి దగ్గర గాజుగొట్టం కాచడం నేర్చుకుంది, రంగులు చదవడం నేర్చుకుంది. తిండి గిన్నెతో కొలిచి తినాలని, బెల్లం ముట్టకూడదని, వరి అన్నం బాగా తగ్గించాలని, రోజూ రెండు మైళ్ళు నడవాలని నేర్చుకుంది. అన్నిటికంటే గట్టిగా ఏసుమణి చెప్పింది చెప్పుల గురించి. మొద్దుబారిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు కాబట్టి ఇంట్లో కూడా చెప్పు లేకుండా అడుగు పెట్టకూడదు. మెత్తటి తోలు ఉండాలి, మేకు ఒక్కటీ ఉండకూడదు, మడమకు పట్టీ ఉండాలి.

గుండ్లపల్లెలో ఆడవాళ్ళు చెప్పులేసుకోరు. అందులోనూ పెద్దింటి కోడళ్ళు మామల ముందు, బావల ముందు చెప్పులతో నడవడమంటే వాళ్ళ మొహాన ఉమ్మినట్టే. ఈ సంగతి ఏసుమణికి తెలుసు. అయినా చెప్పింది.

ఊరికొచ్చిన రెండోరోజే మహాదేవమ్మ లాజరుకు కబురు పెట్టింది. లాజరు ఊరి బయట, మట్టిగోడల చర్చి పక్క పేటలో ఉండేవాడు. చుట్టుపక్కల పది ఊళ్ళకు అతను కుట్టిన చెప్పులే. అతను మాత్రం ఊరి వీధిలోకి వచ్చేముందు తన చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. ఆ రోజూ అలాగే వచ్చి దొడ్డివాకిట నిలబడ్డాడు. కొలత కోసం మామూలుగా చేసినట్టే తడిమట్టి పరిచి, అందులో అడుగు వేయమన్నాడు. పెద్దింటివాళ్ళ పాదం అతను ముట్టేది లేదు.

"మట్టిలో అడుగు చూస్తే యాడ గట్టిగా ఉండాదో, యాడ మెత్తగా ఉండాదో నీకెట్ల తెలుస్తాదప్పా? చేత్తో చూడు," అని మహాదేవమ్మ పాదాన్ని అరుగు మీద పెట్టింది.

లాజరు చుట్టూ చూసి, చేతులు పంచెకు తుడుచుకుని, పాదం పట్టుకున్నాడు. తీసేసిన వేళ్ళ చోట కుట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. బొటనవేలితో అడుగంతా నొక్కి చూసి, ఒక్కచోట ఆగి, ఇక్కడ నొప్పి ఉందా అని అడిగాడు. లేదంది. అక్కడ ఒక ముల్లుముక్క ఉంది. చెప్పులు కుట్టే ఆరెతో జాగ్రత్తగా తీసి ఆమెకు చూపించాడు. ఆసుపత్రి నుంచి వచ్చి రెండురోజులే అయింది. మహాదేవమ్మ ఆ ముల్లును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

చెప్పులు వారానికి వచ్చాయి. మేకపిల్ల తోలు లోపల, గట్టి తోలు కింద, మేకు లేకుండా దారంతోనే కుట్టాడు. వేళ్ళు లేనిచోట దూదిపెట్టి చిన్న దిండులా చేశాడు. మర్నాడు పొద్దెక్కాక మహాదేవమ్మ అవి తొడుక్కుని వీధిలోకి వచ్చింది. రచ్చకట్ట మీద ఏడెనిమిదిమంది మగవాళ్ళున్నారు, మధ్యలో పెద్ద ఈరన్న ఉన్నాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది గానీ చెప్పులు విడవలేదు. కొత్తతోలు కిర్రుమంటుంటే వాళ్ళ ముందునుంచే కాలువగట్టు దాకా పోయింది, అదే దారిన తిరిగొచ్చింది.

ఆ మధ్యాహ్నమే పెద్ద ఈరన్న తమ్ముణ్ణి పిలిపించాడు. వాకిట్లో చెప్పులుండాలో పెళ్ళాముండాలో తేల్చుకొమ్మన్నాడు. నరసన్న ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డాడు. పెళ్ళయిన ఇరవైయెనిమిదేళ్ళలో ఆమె బావతో ముఖాముఖి మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటునుంచి తోటికోడలు కృష్ణవేణమ్మకు చెప్తే, ఆమె మొగుడికి చెప్పేది. ఆ రోజు మహాదేవమ్మ నేరుగా వాకిలి దాటిపోయి, మంచం మీద కూర్చున్న పెద్ద ఈరన్న ఎదుట నిలబడింది. కాళ్ళకు చెప్పులున్నాయి.

"బావా, నీ ముందర చెప్పులిడిసి నడిచేదానికి నాకు పది వేళ్ళు ల్యావు. ఎనిమిదే ఉండాయి. అవి నాకు కావల్ల."

పెద్ద ఈరన్న ఆమె వైపు చూడలేదు. పక్కనున్న పెళ్ళాంతో, ఈ ఇంట్లో ఇటువంటిది ఎప్పుడూ జరగలేదన్నాడు.

"జరగల్యా. బిడ్డల్ని తింటినన్న మాట మాత్రం ఈ ఇంట్లోనే పుట్టె. దాన్ని మోస్తిని గదా ఇన్నాళ్ళు. ఈ చెప్పులు మీరు మోయండి," అని చెప్పి ఆమె వెనక్కి వచ్చింది.

అప్పటినుంచి పెద్ద ఈరన్న ఇంట ఏ కార్యమైనా ఆమెకు పిలుపు లేదు. వాకిలి మధ్యన మోకాలెత్తు రాతిగోడ లేచింది. అందుకు మహాదేవమ్మ బాధపడలేదని చెప్పలేం. పండగ వంటలప్పుడు గోడవతల మాటలూ నవ్వులూ వినబడుతుంటే చేతిలో పని ఆపేసేది. కానీ చెప్పులు విడవలేదు.

తిండి దగ్గర ఇంకో రభస. ఆమె వేంపల్లె నుంచి కొర్రలు, జొన్నలు తెప్పించుకుంది. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం గిన్నెతో కొలిచిన కొర్రన్నం, ఆకుకూర, చింతచిగురు పప్పు. వరి పండించే ఇల్లాలు కూలీల తిండి తింటోందని, నరసన్న ఇల్లు దివాలా తీసినట్టుందని ఊరు నవ్వింది. నరసన్న సిగ్గుతో కుంగిపోయాడు. తలుపు వేసుకుని తినమని బతిమాలాడు. మహాదేవమ్మ పీట తెచ్చి వీధి అరుగు మీదే వేసుకుని తినడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు నరసన్న కూడా ఒక రొట్టె అడిగాడు. అందులో తన పుట్టింటి కారం వేసి ఇచ్చింది. ఆయన రెండు తిన్నాడు.

ఏడాది తిరిగేసరికి ఆమె ఒళ్ళు తగ్గింది, పుండు పూర్తిగా మానింది. మెడ మీది నల్లచారలు పలచబడ్డాయి. వసారాలో ఒక చెక్కపెట్టెలో స్పిరిటు దీపం, రెండు గాజుగొట్టాలు, నీలంమందు సీసా ఉండేవి. పొద్దున్నే తన మూత్రం తానే కాచుకుని చూసేది. పచ్చ వస్తే ఆ రోజు తృప్తిగా ఉండేది. పసుపు వస్తే మధ్యాహ్నం కొర్రన్నం సగం చేసేది. నవ్వినవాళ్ళలో మొదట ఒక ముసలామె చెంబు కొంగుచాటున పెట్టుకుని వచ్చింది. తరవాత ఇంకో ఇద్దరు. ఏ పేటనుంచి ఎవరు తెచ్చినా మహాదేవమ్మ అదే దీపం మీద కాచి చూసేది. ఎరుపు తేలినవాళ్ళను ఏసుమణి దగ్గరికి పంపేది.

పేట నుంచి కొందరిని వెంటబెట్టుకుని వచ్చేవాడు లాజరు. ఒకరోజు అతను చెప్పులు చేతిలో పట్టుకుని ఎండలో నిలబడి ఉండడం ఆమె కంటబడింది. అంతకుముందు వందసార్లు చూసే ఉంటుంది. ఆ రోజు అతని మడమ పగిలి రక్తం కారుతోంది. తొడుక్కొమ్మంది. లాజరు కదల్లేదు.

"మీరు చెప్పులేసుకుంటే మీకు మాటలు పడినాయమ్మా. నేనేసుకుంటే నాకు దెబ్బలు పడతాయి," అన్నాడు.

అతను కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడంతే. వీధిలో కిర్రుమని నడిచినందుకు మహాదేవమ్మకు లోపల ఒక గర్వముండేది. అది ఆ రోజు కొంచెం తగ్గింది.

1957 చలికాలంలో ఒక పొద్దున కృష్ణవేణమ్మ గోడ పక్కకు వచ్చి నిలబడింది. మూడేళ్ళలో అదే మొదటిసారి. తన మొగుడు మూత్రం పోసినచోట చీమలు బారులు కడుతున్నాయని, బిందెలు బిందెలు నీళ్ళు తాగుతున్నాడని, కాలి మడమలో తుమ్మముల్లు విరిగి పదిరోజులైనా చెప్పకుండా గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాడని గుసగుసగా చెప్పింది. చెంబు గోడ మీద పెట్టింది. మహాదేవమ్మ అక్కడికక్కడే కాచి చూపించింది. గొట్టంలో ఇటుక ఎరుపు తేలింది.

మహాదేవమ్మ గోడ చుట్టూ తిరిగిపోయి రెండోసారి బావ ఎదుట నిలబడింది. గాజుగొట్టం ఆయన ముందు పెట్టింది.

"ఇది నీదే బావా. ఇయ్యాల బండి కట్టిస్తే కాలు నిలుస్తాది. నేనూ వస్తా."

పెద్ద ఈరన్న ఆ గొట్టాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. ఆడవాళ్ళ జబ్బు తనకెందుకొస్తుందన్నాడు. బనగానపల్లె వైపు నుంచి ఒక వైద్యుణ్ణి పిలిపించి వేడివేడి కట్టు కట్టించుకున్నాడు. ఆ వేడికి కాలు బొబ్బలెక్కినా ఆయనకు తెలియలేదు. పన్నెండు రోజులకు పాదం నల్లబడి ఇంట్లో వాసన నిండింది. జ్వరంతో మతి తప్పాక ఆయనను అడిగేపని లేకపోయింది. మహాదేవమ్మే నరసన్న చేత బండి కట్టించి, ముందు కూర్చుని తీసుకుపోయింది. డాక్టరు మోకాలి కింద దాకా కాలు తీసేశాడు. పదిరోజుల ముందు తెచ్చి ఉంటే మడమ దగ్గరి కుళ్ళు తీస్తే సరిపోయేదన్నాడు.

ఆయన రెండు నెలలకు కర్రల మీద ఇంటికొచ్చాడు. కొయ్యకాలు ఆసుపత్రిలో ఇచ్చారు గానీ, అది మోకాలి మొండి దగ్గర ఒరుసుకుని పుండు పడేలా ఉంది. మిగిలిన పాదానికి చెప్పు కావాలి. ఆ పాదం కూడా పోతే ఇక లేచేది లేదని డాక్టరు చెప్పాడు. తోలు దిండు కుట్టగలిగేవాడు, పాదం తడిమి చూడగలిగేవాడు లాజరు ఒక్కడే. నరసన్న పేటకు పోయి అడిగాడు. లాజరు వస్తానని చెప్పాడు. చెప్పులతో వస్తాననీ చెప్పాడు. అవి చేతిలో పట్టుకుని మాత్రం రానన్నాడు.

నరసన్న ఆ మాట తెచ్చి వాకిట్లో చెప్పలేక చెప్పాడు. కృష్ణవేణమ్మ మొగుడి మొహం చూసింది. పెద్ద ఈరన్న చాలాసేపు తన లేని కాలు చోట పంచె సర్దుకుంటూ కూర్చున్నాడు. రానీ అని అనలేదు. వద్దనీ అనలేదు. మహాదేవమ్మ గోడ ఇవతలనుంచి, ఆ మౌనమే చాలు, పిలువమని మొగుడికి చెప్పింది.

లాజరు పట్టపగలు వచ్చాడు. తెల్లపంచె కట్టుకుని, తన చేత్తో కుట్టుకున్న చెప్పులు తొడుక్కుని, వీధి మధ్యలో నడిచాడు. కట్ట మీద ఇద్దరు లేచి నిలబడ్డారు. మహాదేవమ్మ తన అరుగు దిగి, వీధిలోకి వచ్చి, అతనికి పదడుగుల ముందు తనూ చెప్పులతో నడిచింది. లేచినవాళ్ళు ఏదో అన్నారు గానీ దగ్గరికి రాలేదు. ఊరిపెద్ద ఇంటికి పోతున్నవాణ్ణి ఆపేదెట్లా? లాజరు వాకిట్లో పెద్ద ఈరన్న ముందు కూర్చుని ఆయన పాదం చేతిలోకి తీసుకున్నాడు. అడుగంతా బొటనవేలితో నొక్కుతూ, ఇక్కడ తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అని అడుగుతూ పోయాడు. పెద్ద ఈరన్న ప్రతిసారీ లేదని తల ఊపాడు. నాలుగైదు ప్రశ్నలయ్యాక ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆ తరవాత లాజరు చెప్పులతోనే ఊళ్ళో తిరిగాడు. అతని వెనక పేటలోవాళ్ళు అందరూ ఒకేసారి రాలేదు. ఆ ఏడాది ఇద్దరు చెప్పులతో వచ్చారు. ఇంకొకతన్ని చెరువుకట్ట మీద ఎవరో కొట్టారు. మహాదేవమ్మ నరసన్నను వెంటబెట్టుకుని పోలీసుస్టేషను దాకా పోయి సాక్ష్యం చెప్పింది. కేసు నిలవలేదు. ఆమె పోవడం మాత్రం ఊరు మరిచిపోలేదు.

రాతిగోడను ఎవరూ కూల్చలేదు. కృష్ణవేణమ్మ ఒకచోట నాలుగు రాళ్ళు తీసి దారి చేసుకుంది. ఆ దారినే ఆమె కొలిచిన కొర్రలు తీసుకుపోయేది. పెద్ద ఈరన్న అవి తిన్నాడు, బాగున్నాయని ఎప్పుడూ అనలేదు.

1959లో మహాదేవమ్మ కళ్ళ ముందు నల్లని పోగులు తేలడం మొదలైంది. సూదిలో దారం ఎక్కేది కాదు. ఆసుపత్రికి పోతే డాక్టరు దీపం వేసి కంటి లోపలికి చూశాడు. ఆయన ఇప్పుడు కుర్రవాడు కాదు, నుదుటిమీద జుట్టు పలచబడింది. కంటి వెనక సన్నని రక్తనాళాలు చిట్లుతున్నాయని, అన్నేళ్ళు తెలియకుండా ఉన్న జబ్బు అప్పుడే చేసిన నష్టమది అని, దానికి తన దగ్గర మందు లేదని దాచకుండా చెప్పాడు. ఆమె ఐదేళ్ళుగా కట్టుదిట్టంగా ఉండబట్టే ఇన్నాళ్ళు చూపు నిలిచిందన్నాడు. ఇంకెన్నాళ్ళని ఆమె అడిగింది. రెండేళ్ళు ఉండొచ్చు, ఎక్కువా ఉండొచ్చన్నాడు.

"రెండేండ్లంటే శానా పని చేయొచ్చులే," అంది మహాదేవమ్మ.

ఏసుమణి ఆమెను బస్సు దాకా సాగనంపింది. చెయ్యి పట్టుకోబోతే, ఇంకా కనబడుతోందిలేమ్మా అని విడిపించుకుని మెట్టెక్కింది.

గాజుగొట్టంలో పచ్చకూ పసుపుకూ తేడా ఆమెకు క్రమంగా తెలియకుండా పోయింది. అప్పుడు కృష్ణవేణమ్మకు నేర్పింది. రోజూ పొద్దున్నే తోటికోడళ్ళిద్దరూ వసారాలో దీపం ముందు కూర్చునేవాళ్ళు. చెంబులతో వచ్చినవాళ్ళు అరుగు మీద వరసగా కూర్చునేవాళ్ళు. కృష్ణవేణమ్మ చూసి రంగు చెప్తే, ఏం తినాలో, ఎంత నడవాలో, ఎవరు ఆసుపత్రికి పోవాలో మహాదేవమ్మ చెప్పేది. ఒకరోజు మహాదేవమ్మ వంతు వచ్చినప్పుడు కృష్ణవేణమ్మ గొట్టం వైపు చూసి, కాసేపు ఆగి, పచ్చ అంది.

"నిజం చెప్పుక్కా," అంది మహాదేవమ్మ.

కృష్ణవేణమ్మ గొట్టాన్ని వెలుగులోకి తిప్పింది. నారింజరంగు అని ఒప్పుకుంది.

"అట్లయితే ఈపొద్దు కాలువ మలుపు దాకా పోదాం. నువ్వు గూడా రా. లాజరును అడిగి నీకు గూడా ఒక జత కుట్టిస్తా," అని మహాదేవమ్మ లేచి, తరవాతి చెంబు ఎవరిదని అడిగింది.